ఊకొట్టని కథ

వజ్రమ్మ కథ చెబుతుంటే తునికాకు కట్టలు వాటంతట అవే కట్టుకుంటాయి అనేవాళ్లం. ఎండాకాలం పొద్దున్నే బయ్యారం అడవికి పోయి ఆకు తెంపుకొచ్చి, సాయంత్రం ఆమె అరుగు మీద కూర్చుని కట్టలు కట్టేవాళ్లం. కథకు ఒకటే షరతు. వినేవాళ్లు ఊకొట్టాలి. ఊ ఆగిందా, కథ అక్కడే ఆగిపోతుంది. మొగుడు పోయినా, చేను పోయినా ఎవరినీ ఏమీ అడగని మనిషి, ఊ మాత్రం గదమాయించి అడిగేది.

ఆమె కథల్లో పెద్దది ఇనుపబిడ్డ కథ. చుక్కల లోకంలో ఒక తల్లి చేతిలోంచి పసిబిడ్డ జారి మా ఎర్రగుట్ట మీద పడింది. దాని ఒంట్లో పారేది ఇనుము. ఎందుకు ఏడుస్తోందో ఎవరికీ తెలియలేదు. ఒక ముసలమ్మ తన కొడవలి తినిపించి ఏడుపు మాన్పింది, తల్లికి అప్పగించింది. ఆ ముసలమ్మ అచ్చం మాలాగే మాట్లాడేది.

అరవైతొమ్మిది తెలంగాణ లొల్లిలో, మానుకోటలో లాఠీ దెబ్బలు తిన్న కాలేజీ పిల్లవాడు మహిపాల్ మా ఊరికి పారిపోయి వచ్చాడు. వజ్రమ్మ వాణ్ని గడ్డివాములో దాచింది. పోలీసులను మాటలతోనే తిప్పి పంపింది. జొన్న గటక పెట్టి ఇనుపబిడ్డ కథ చెప్పింది. వాడు బుద్ధిగా ఊకొట్టాడు.

"సినిమాలల్ల మన మాట రౌడీలకు, పనోళ్లకే పెడ్తరవ్వా. నీ కథను నీ మాటల్నే అచ్చేయిస్త."

"నా మాట పుస్తకంల నిలవడ్తదా బిడ్డా?"

"నేను నిలవెడ్త."

ఆ మాట పట్టుకుని ఏళ్లు గడిపింది. బస్సులో ఎవరి చేతిలో పుస్తకం కనిపించినా "ఇండ్ల ఇనుపబిడ్డ ఉన్నదా?" అని అడిగేది. నవ్వినవాళ్లకు దిగేదాకా తిట్లు.

చివరికి మహిపాల్ వచ్చాడు. పట్నంలో ఉద్యోగమట, కళ్లకు అద్దాలు. చేతిలో విచిత్ర కథల మాసపత్రిక. అరుగు మీద కూర్చుని చదివాడు. ఆకులు పక్కన పెట్టి అందరం ఊకొట్టాం.

చుక్కల తల్లి కోస్తా పంతులమ్మలా మాట్లాడింది. సరే, పైలోకపు మనిషి కదా అనుకున్నాం. బిడ్డ ఆకలి కనిపెట్టింది ఒక డాక్టరట. ఆయనదీ ఆ భాషే. మరి ముసలమ్మ? ఆయన ఇంట్లో అంట్లు తోముతోంది. ఇనుపబిడ్డను చూసి "గిదేంది, గిట్లున్నది" అంటూ జారి పేడలో పడింది. కథ మొత్తంలో మా మాట ఆ ఒక్కదాని నోట్లోనే ఉంది.

ఒకరి వెనక ఒకరం ఊ ఆపేశాం. మహిపాల్ తలెత్తాడు.

"ఏందవ్వా, ఊకొడ్తలేరు?"

"పేడల వడ్డదాన్ని, ఇంక లేవలే కద బిడ్డా."

"ఎడిటర్ గట్లనే రాయమన్నడవ్వా. లేకుంటే అచ్చెయ్యనన్నడు. నీ కథ ఎంతమంది చదివిన్రో ఎర్కేనా?"

"కథ జదివిన్రు, నన్ను జూసి నవ్విన్రు. నువ్వు గడ్డివాముల వణుకుతుంటే, పోలీసోళ్లతోటి ఏ మాట మాట్లాడిన్న బిడ్డా? గీ మాటే గద."

వాడు పత్రికను అరుగు మీదే వదిలి వెళ్లిపోయాడు. దాన్ని ఎవరం ముట్టలేదు.

తరవాత కూడా వజ్రమ్మ కథలు చెప్పింది, ఇనుపబిడ్డ కథ తప్ప. ఒక సాయంత్రం ఉండబట్టలేక నేనే అది మొదలుపెట్టాను. అందరూ ఊకొట్టారు. వజ్రమ్మ తల వంచుకుని కట్టలు కడుతూనే ఉంది, ఊ మాత్రం అనలేదు.

షరతు ఆమెదే. నేను అక్కడే ఆపేశాను.