దో నంబర్ జెర్సీ

మా హాకీ టీమ్‌కు పదహారు జెర్సీలు ఉండేవి. వాటి లెక్క నా దగ్గర ఉండేది. ఎవరూ అడగకుండానే ఒక రిజిస్టర్ మొదలుపెట్టి నాలుగు గడులు గీశాను: నంబరు, తీసుకున్నవారు, తిరిగి ఇచ్చిన రోజు, రిమార్కులు. మెకానికల్ డిప్లొమా చదివి బాలానగర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో డ్రాయింగులు గీసేవాణ్ణి. గడులు గీయనిదే నాకు ఏ పనీ మొదలైనట్టు ఉండేది కాదు. రిమార్కుల గడిలో ‘కుడి చంక చిరిగింది’, ‘మరక, ఉతికినా పోలేదు’ వంటివి రాసేవాణ్ణి.

అన్నయ్య పోయాక పదకొండు వారాలపాటు రెండో నంబరు వరుస అలాగే ఉండిపోయింది. తీసుకున్నవారి గడిలో అతని పేరుంది. తిరిగి ఇచ్చిన రోజు దగ్గర ఏం రాయాలో నాకు తెలియలేదు. జెర్సీ మారేడ్‌పల్లిలో మా ఇంట్లోనే, అమ్మ చర్చికి కట్టుకునే చీరల కింద మడతపెట్టి ఉంది. అది ఇచ్చినట్టా, ఇవ్వనట్టా?

అన్నయ్య రైట్ బ్యాక్. నేను అతని ముందు రైట్ హాఫ్, నా నంబరు నాలుగు. బంతి తీసుకుని నేను ముందుకు పోతే నా వెనక ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీని కాయడం అతని పని. బంతి నా కర్రకు తగలగానే వెనక నుంచి “నేనున్నా, పో!” అని అరిచేవాడు. ఆరేళ్ళు ఆ మాట విని పరిగెత్తాను. వెనక్కి తిరిగి చూసే అలవాటే నాకు లేకుండా పోయింది.

టీమ్‌లో అతన్ని ‘దో నంబర్’ అనేవాళ్ళు. మా ఊళ్ళో దో నంబర్ అంటే నకిలీ సరుకు. దో నంబర్ వాచీ, దో నంబర్ బూట్లు. ఆ పేరు పెట్టింది మా గోల్‌కీపర్. టీమ్ మొత్తానికి పెద్దవాడు, బన్సీలాల్‌పేట్‌లో సైకిల్ షాపు ఉండేది. “అసల్ మాల్ నేను. నా ముంగట నిలబడేది దో నంబర్” అనేవాడు.

“అసల్ మాల్‌కి గోల్స్ పడకుండా చూసేది ఎవరు మరి? నేను ఒక్క ఆదివారం రాకుంటే నీ దుకాణం బంద్” అనేవాడు అన్నయ్య.

వర్షం పడితే గ్రౌండులో నీళ్ళు తోడడానికి అందరికంటే ముందు వచ్చేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళకు దెబ్బ తగిలితే తన షిన్‌గార్డులు విప్పి ఇచ్చేసేవాడు. అలా తన కాళ్ళ మీద పడ్డ దెబ్బల మచ్చలు లెక్కపెట్టలేనన్ని. మా పక్క బస్తీ కార్ఖానా టీమ్ కెప్టెన్‌తో ప్రతి మ్యాచ్‌లోనూ గొడవపడేవాడు. అన్నయ్య కామెర్లు ముదిరి చనిపోయినప్పుడు ఆ కెప్టెన్ సమాధి దగ్గరకు వచ్చి మట్టి వేశాడు. అందరూ చేతులు కడుక్కుని వెళ్ళిపోయినా, అతను మట్టిచేతులతో అక్కడే నిలబడ్డాడు.

విషయం తేల్చాల్సి వచ్చింది టైలర్ వల్ల. వచ్చే టోర్నమెంటుకు కొత్త జెర్సీలు కుట్టించాలనుకున్నాం. ఏయే నంబర్లు కావాలో చెప్పమన్నాడు. రెండు ఉండాలా, వద్దా? ఆదివారం ప్రాక్టీస్ అయ్యాక కర్రల పెట్టె చుట్టూ కూర్చున్నాం. నేను కాగితం తీసి, రెండో నంబరును రిటైర్ చేయాలని చెప్పాను. కారణాలు మూడు రాసుకెళ్ళాను. ఒకటి, అతనిలా ఆ నంబరుతో ఇంకెవరూ ఆడలేరు. రెండు, ఎవరికి ఇచ్చినా వాళ్ళ మీద బరువు పడుతుంది. మూడు, డ్రాయింగుల్లో ఒక నంబరు రద్దయితే దాన్ని మళ్ళీ ఇంకో భాగానికి వాడం, వాడితే పాతదీ కొత్తదీ కలిసిపోతాయి.

నాలుగో కారణం కాగితం మీద పెట్టలేదు. నంబరు ఉంటే అది నాకే ఇస్తారు. తమ్ముణ్ణి కదా. అప్పుడు అన్నయ్యకు సరదాగా పెట్టిన పేరు నాకు నిజమైపోతుంది.

“మంచిగుంది. గౌరవంగుంటది” అన్నాడు మా కెప్టెన్.

గోల్‌కీపర్ ఒప్పుకోలేదు. “ఏంది మంచిగ? గిట్ల నంబర్ దీసి పెట్టెల వెడితే ఆడు మళ్ళొస్తడా? రేపు కొత్తోడు వచ్చి రెండెందుకు లేదన్నా అంటే, ఏం జెప్పాలె?”

“అదే చెప్పాలి. అతని గురించి చెప్పడానికే” అన్నాను.

“చెప్పనీకి నేను లేనా? నా నోరు పడిపోయిందా?”

చివరికి కెప్టెన్ నా వైపు తిరిగి, “జెర అంకుల్‌ని అడుగురా. ఇంట్లోల్లు ఊ అంటే రిటైర్. లేదంటే లేదు” అన్నాడు.

నాన్న గుంటూరు జిల్లా నుంచి ఉద్యోగానికి సికింద్రాబాద్ వచ్చాడు. ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగుల సర్వీసు ఫైళ్ళు చూసే సెక్షన్‌లో పనిచేసి అప్పటికి రెండేళ్ళ క్రితమే రిటైరయ్యాడు. గోడ మీద ఆఫీసు వాళ్ళు ఇచ్చిన గడియారం ఉండేది. నేను సంగతి చెప్పేసరికి పేపరు మడిచి పక్కన పెట్టాడు.

“నంబరు రిటైర్ చేయడమేంట్రా?”

“ఇకమీదట ఆ నంబరు ఎవరూ వేసుకోరు నాన్నా. అన్నయ్య మీద గౌరవంతో.”

“రిటైర్ ఎవరవుతారు?”

“వయసైపోయినవాళ్ళు.”

“మీ అన్న వయసెంత?”

“ఇరవై తొమ్మిది” అన్నాను. ఆయనకు తెలియక అడగలేదు.

నాన్న గోడ గడియారం వైపు చూసి అన్నాడు: “సర్వీసులో ఉండగా పోయినవాడికి రిటైర్మెంట్ ఆర్డరు వెయ్యరు. నేను ముప్పై ఏళ్ళు చేసింది అదే పని. శాలువా కప్పరు, గడియారం ఇవ్వరు. ఆ ఫైలు వేరు.”

“ఆ ఫైల్లో ఏముంటుంది?”

“ఇంట్లో ఉద్యోగానికి అర్హులెవరున్నారు అని రాసుంటుంది.”

నేను డ్రాయింగు నంబర్ల సంగతి చెప్పాను. రద్దయిన నంబరు మళ్ళీ వాడకూడదన్నాను. నాన్న తల అడ్డంగా ఊపాడు. “అది వస్తువురా. ఇది పోస్టు. మనిషి పోతే పోస్టు పోదు. ఇంట్లో వాళ్ళు నిలబడాలనే, వాళ్ళలో ఒకరికి ఉద్యోగమిచ్చే రూలు పెట్టారు.”

ఇక దాచలేకపోయాను. “అది నాకే ఇస్తారు నాన్నా. అన్నయ్యలా నేను ఆడలేను. వేసుకుంటే నిజంగానే దో నంబర్ అంటారు.”

నాన్న కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “ఇంజినీరు పోయాడని కొడుకును తీసుకెళ్ళి ఇంజినీరు కుర్చీలో కూర్చోబెట్టరురా. వాడు చదివినదాన్ని బట్టి వేస్తారు. గుమస్తా అయితే గుమస్తా, ప్యూన్ అయితే ప్యూన్. ఆ పిల్లలు మొదటిరోజు నా బల్ల ముందుకొచ్చి నిలబడేవాళ్ళు. తండ్రిలా పనిచేస్తావా అని ఒక్కణ్ణి కూడా అడగలేదు నేను. సంతకం పెట్టరా అబ్బాయ్ అనేవాణ్ణి, అంతే. నువ్వెక్కడ ఆడుతున్నావో అక్కడే ఆడు.” మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుంటూ, “కానీ దరఖాస్తు నువ్వే పెట్టుకోవాలి. ఆఫీసువాళ్ళు ఇంటికొచ్చి ఇవ్వరు” అన్నాడు.

అమ్మ లోపలి గదిలో ఉందనుకున్నాను. గుమ్మంలోనే ఉంది. వెళ్ళి జెర్సీ తెచ్చి బల్ల మీద పెట్టింది.

“రోజూ తీసి చూస్తున్నాను. మళ్ళీ మడతపెట్టడం నావల్ల కావట్లేదురా” అంది.

“నేను వేసుకుంటే చూడగలవా అమ్మా?”

“చూడలేకపోతే రాను. చూడగలిగిన రోజు వస్తాను.”

ఆ రాత్రి కాగితం పెట్టుకుని కూర్చున్నానే గాని ఒక్క ముక్క రాయలేకపోయాను. మర్నాడు వర్క్‌షాపులో భోజనాల వేళ రాశాను. టీమ్ కెప్టెన్ గారికి, నాలుగో నంబరు జెర్సీ వాపసు ఇస్తున్నాను, మా అన్నయ్య రెండో నంబరు నాకు ఇప్పించ ప్రార్థన, నేను రైట్ హాఫ్‌గానే ఆడతాను. ఇంతే. మూడు వాక్యాలకు నాలుగు కాగితాలు చించాను.

ఆ తర్వాతి ఆదివారం కెప్టెన్ అది విప్పి, “ఏందిరా గిది? లీవ్ లెటరా?” అని నవ్వబోయాడు. చదివాక నవ్వు ఆగిపోయింది. కాగితం గోల్‌కీపర్ చేతికిచ్చాడు. గోల్‌కీపర్ చదివింది ఉర్దూ మీడియం, తెలుగు అక్షరాలు రావు. “సదువు” అని తిరిగి ఇచ్చాడు. కెప్టెన్ పైకి చదువుతుంటే తల వంచుకుని గ్లవ్ తాళ్ళు బిగించుకుంటూ విన్నాడు. బిగించినవి విప్పి మళ్ళీ బిగించాడు.

“మంజూర్” అన్నాడు. రిటైర్ చేయడం గురించి ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

టైలర్‌కు పదిహేను నంబర్లు చెప్పాను. రెండు కుట్టొద్దన్నాను, పాతదే ఉంటుంది. అది నాకు వేసి చూశాడు. భుజాలు కిందికి జారాయి. “జెర సైడ్లకు కుట్టు పట్టాల్నా సార్?” అన్నాడు. వద్దన్నాను.

మొదటి మ్యాచ్ కార్ఖానా టీమ్‌తో. అన్నయ్య స్థానంలో ఆడే కొత్త కుర్రాడు పద్నాలుగో నంబరు వేసుకున్నాడు. మంచి ఆటగాడు, కానీ మాట్లాడడు. ఆట మొదలైన కొద్దిసేపటికే బంతి నాకు అందింది. ముందు దారి ఉంది. వెనక ఏ అరుపూ లేదు. ఆరేళ్ళలో మొదటిసారి వెనక్కి తిరిగి చూశాను. అంతలో కార్ఖానా కెప్టెన్ బంతి లాక్కుపోయాడు. అది మాకు గోలై పడింది.

గోల్‌కీపర్ నెట్‌లోంచి బంతి తీసి మధ్యకు కొట్టాడు. ఆట మళ్ళీ మొదలైంది. బంతి మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. నా మెడ వెనక్కి తిరగబోతుంటే గోల్ దగ్గర నుంచి గోల్‌కీపర్ గొంతు వినిపించింది.

“అరే దో నంబర్! ఎన్కకేం జూస్తున్నవ్‌రా? నేనున్న, పో!”

పదకొండు వారాల తర్వాత, ఇంకా పైనే, ఆ పేరు గ్రౌండులో వినపడడం అదే మొదటిసారి. ఎవరూ నవ్వలేదు. కార్ఖానా కెప్టెన్ నాకు ఎదురొస్తూ అర క్షణం ఆగాడనిపించింది. నేను పోయాను.

ఆ మ్యాచ్ ఓడిపోయాం. అమ్మ రాలేదు. మూడో మ్యాచ్‌కు వచ్చి, చివరిదాకా కూర్చుని, నాతో ఏమీ అనకుండా నాన్నతో కలిసి ఇంటికి నడిచి వెళ్ళింది.

మొదటి మ్యాచ్ రోజు సాయంత్రం రిజిస్టర్ తీశాను. అన్నయ్య వరుసలో తిరిగి ఇచ్చిన రోజు దగ్గర, అమ్మ జెర్సీని బల్ల మీద పెట్టిన తేదీ వేశాను. దాని కింద కొత్త వరుస: రెండు, నా పేరు. నాన్న నా భుజం మీదుగా చూసి, “రిమార్కులు ఖాళీగా వదలకు. ఖాళీ ఉంటే ఫైలు వెనక్కి తిరిగొస్తుంది” అన్నాడు.

కాసేపు ఆలోచించి రాశాను: భుజాల దగ్గర వదులు. కుట్టు పట్టించనక్కర్లేదు.