పాలు పిండే మిషనుకు చీర కట్టిన రోజు

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. పాకాలలో మా వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా గాలి సోకిందనేవాళ్లు. నేను వాదనకు దిగేవాణ్ణి, తిట్లు తినేవాణ్ణి. అలాంటివాణ్ణి ఇది రాయాల్సి రావడం నాకే చిన్నతనంగా ఉంది.

ప్రభుత్వ నిధులతో నడిచే ఒక పరిశోధన ప్రాజెక్టులో పని చేస్తున్నాను. ఆవు పాలు పిండే రోబో చెయ్యి తయారు చేస్తున్నాం. దానికి కళ్లు ఒక త్రీడీ కెమెరా. అది రంగులు చూడదు. ఏది ఎంత దూరంలో ఉందో కొలిచి, ఆకారాన్ని చుక్కలతో గీస్తుంది, అంతే. రైతుల ఇళ్ల దగ్గర దాన్ని పరీక్షించడం నా వంతు.

పూతలపట్టు దగ్గర ఒక పల్లెలో రాజమ్మ అనే ఆవిడ తన జెర్సీ ఆవు మీద పరీక్షకు ఒప్పుకున్నట్టు ఆఫీసులో చెప్పారు. ఆవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు. డ్రైవరూ నేనూ వ్యాన్లో మిషను వేసుకుని వెళ్లేసరికి ఆవిడ పోయి నాలుగు రోజులైందట. కబురు తెలియక వచ్చామమ్మా అని వెనక్కి తిరగబోతే కూతురు సుగుణ అడ్డం వచ్చింది.

"పోవద్దు సార్. అమ్మ పోయినకాడి నుంచి ఆవు ఎవురినీ దగ్గరికి రానీలేదు. పొదుగు సూడండి, రాయి మాదిరి అయిపోయింది. ఇట్నే ఉంటే సెడిపోతాదని డాక్టరు సెప్పినాడు. నాకుండే ఆధారం ఇదొక్కటే సార్."

మిషను ఆవుకు కుడి పక్కన, కెమెరా ఆవు వెనక ఒక స్టాండు మీద పెట్టాం. రెండుసార్లు ప్రయత్నించాం. రెండుసార్లూ తన్నింది.

రోజూ పిండే మనిషి లేకపోతే ఆ మనిషి చీర కట్టుకుని పిండటం మా వైపు అలవాటే. సుగుణ అదీ చేసి చూసిందట, కానీ అది ఉతికిన చీర. తల్లి చివరిసారి పాలు పిండినప్పటి చీర ఇంకొకటి ఉంది. పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచకూడదని అందరూ పోరుతున్నా, దాన్ని ఉతక్కుండా తల కింద పెట్టుకుని పడుకుంటోంది. కాసేపు గుమ్మంలో నిలబడి, చివరికి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మిషనుకి కట్టండి సార్. అమ్మ వాసన పోతే పోనీ. ఆవు బాగుండాల."

చీర రోబో చేతికి చుట్టాం. ఆవు మూతి తిప్పి వాసన చూసింది. కాలు కదపలేదు. మధ్యాహ్నం మూడు గంటలకు చేపింది, పాలు ధారగా దిగాయి. సుగుణ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అదంతా వాసన సంగతే, అందులో వింతేమీ లేదు. ఇప్పటికీ అదే అంటాను.

తర్వాత అరుగు మీద కూర్చుని రికార్డింగు తెరిచాను. చుక్కల్లో ఆవు ఉంది, కుడి పక్కన చీర చుట్టిన మిషను ఉంది. ఎడమ పక్కన ఇంకొకరు ఉన్నారు. నేల మీద కూర్చుని, తల ఆవు డొక్కకు ఆనించి, ఒక కాలు బారుగా చాపుకుని.

నేను, డ్రైవరు, సుగుణ ముగ్గురం మిషను పిండినంతసేపూ గుమ్మం దగ్గరే ఉన్నాం. చీర కట్టకముందు తీసిన రెండు రికార్డింగుల్లో ఆ ఆకారం లేదు. కెమెరా ఆపి మళ్లీ తీశాను. ఖాళీ నేల వచ్చింది.

నా భుజం మీదుగా సుగుణ తెర చూసింది. భయపడలేదు.

"అమ్మే సార్. మోకాలు మడిస్తే నొప్పితో ప్రాణం పోయేది ఆమెకి. అట్నే సాపుకోని పిండేది." తెర మీద ఆ కాలిని వేలితో తాకి మళ్లీ అంది: "ఆడికి పోయినా ఇంగా సాపుకోనే ఉండాదే... నొప్పి పోలేదా సార్?"

రిపోర్టులో కెమెరా లోపం అని రాశాం. కెమెరా విప్పి చూస్తే లోపమేదీ దొరకలేదు. ఆ ఆకారమేమిటో ఈ రోజుకూ నాకు అంతుపట్టలేదు. ఇంకా అంతుపట్టనిది, ఆ రోజు ఆ పిల్ల కళ్లలోకి చూస్తూ నేను చెప్పిన జవాబు.

"నొప్పి పోయుంటాదమ్మా. అలవాటుకొద్దీ సాపుకోనుంటాది."