గంజి తగ్గిన కాలర్లు

గంజి మామ నడుము వంగదు. వంగితే లేవదు. పొద్దుటి నుంచి ఇస్త్రీ బల్ల ముందు నిలబడి పిక్కలు రాళ్లయిపోయిన మనిషికి, సాయంత్రం పూట కొత్త ఉద్యోగం ఒకటి తగులుకుంది: పిల్లికి మందు రాయడం.

ఆయన గంజి పెట్టిన చొక్కా, తొడుక్కున్న మనిషి కూలబడినా తాను మాత్రం నిలబడుతుంది. అందుకే వీధి ఆయనకు ఆ పేరు పెట్టింది. పిల్లికి పేరు పెట్టింది వీధి చివరి ప్లీడరు గారు. అది వెచ్చటి బట్టల దొంతర ఎక్కి, కళ్లు సగం మూసి, తీర్పు వాయిదా వేసినట్టు కూర్చునేది గనక జడ్జమ్మ అన్నారు.

ఆ జడ్జమ్మ చెవి వెనక చొక్కా గుండీ అంత మేర బొచ్చు ఊడింది. ఎలుకతో పోట్లాడి ఉంటుందిలే అని మామ సర్దుకున్నాడు. తర్వాత ఆయన ముంజేతి మీద, ఆపైన భార్య మోచేతి మీద, ఎర్రటి అంచుతో గుండ్రటి మచ్చలు లేచాయి. ఒక ఎలుక ఇంతమందితో పోట్లాడదు కదా.

పశువుల డాక్టరమ్మ పరీక్ష చేసి తామర అంది. పిల్లి నుంచి మనిషికీ అంటుతుందంది. మచ్చ చుట్టూ బొచ్చు కత్తిరించి మందు రాయాలి, మందు నీళ్లతో స్నానం చేయించాలి, నాకకుండా మెడకు గరాటులాంటి పట్టీ వేయాలి. బొచ్చు మళ్లీ మొలిచింది కదా అని మానెయ్యకూడదు, తాను చాలన్నదాకా చెయ్యాలి. రాలిన ప్రతి వెంట్రుకా విత్తనమే కాబట్టి అది పడుకున్న గుడ్డలన్నీ ఉతకాలి. ఆ మాటకు ఆలుమగలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లింట్లో గుడ్డలు తప్ప ఇంకేమున్నాయి?

జడ్జమ్మను వెనక గదిలో పెట్టారు. పట్టీ కొనడం దేనికని మామ మందపాటి గుడ్డను గరాటులా కుట్టి, గంజిలో ముంచి, ఎండబెట్టి, రేకులా తయారుచేశాడు. జడ్జమ్మ దాన్ని గోడలకు కొట్టుకుంటూ తిరిగేది. స్నానమంటే మామ భుజమెక్కి వీపున దిగేది. ఒకరు పట్టుకోవాలి, ఒకరు రాయాలి. ఇద్దరికీ ఓపిక లేదు. రాస్తూ రాస్తూనే మామ కునికిపాట్లు పడేవాడు.

అలాంటి ఓ సాయంత్రం ప్లీడరు గారు వచ్చారు. మామ ఇస్త్రీ దొంతరలో సగం ఆయన బట్టలే.

"ఏమయ్యా, గంజి కాస్త తగ్గించకూడదూ? కాలరు రంపంలా కోస్తోంది" అని మెడ చూపించారు.

కాలరు కింద అదే గుండ్రం, అదే ఎర్రటి అంచు. మామ తన ముంజేతిని వెనక్కి దాచుకున్నాడు. సరేనండి అనేశాడు.

అన్నం దగ్గర భార్య వదల్లేదు. "మన పిల్లి చేసినదాన్ని గంజి మీదికి నెట్టేసి ఊరుకుంటారా?"

"చెప్తే రేపటి నుంచి బట్టలు ఎవరేస్తారే?"

"చెప్పకపోతే ఆయన ఒళ్లంతా పాకుద్ది. పైగా ప్లీడరు. మిగతా ఇళ్లకు నే వెళ్లి చెప్తా. ఆయనకు మీరు చెప్పండి."

మర్నాడు మామ, మళ్లీ ఉతికి కాక మీద ఇస్త్రీ చేసిన చొక్కాలు పట్టుకుని వెళ్లాడు. గుమ్మంలో నిలబడి, మాట వెనక్కి పోకముందే అనేశాడు.

"బాబుగారూ, అది గంజి కాదండి. మా పిల్లి. తామరండి." ముంజెయ్యి చాపి చూపించాడు.

ప్లీడరు గారు లోపలికి ఓసారి చూసి, తలుపు దగ్గరగా వేసి, ఆయన్ను గేటు దాకా నడిపించారు.

"మెల్లగా మాట్లాడవయ్యా. నాకు తెలుసు." చొక్కా పై గుండీ విప్పారు. ఛాతీ మీద మరొకటి. కాలరు అంత కిందికి రాదు. "రోజూ నీ దగ్గరికి బట్టల కోసమే వస్తున్నాననుకున్నావా? జడ్జమ్మను ఒళ్లో పెట్టుకుంటే గుర్రుమంటుంది. కోర్టులో నన్ను అంత శ్రద్ధగా వినేవాళ్లెవరు? మా ఆవిడకు పిల్లి పేరెత్తితే పడదు. ఈ మచ్చలు గంజి పడక వచ్చాయని చెప్పాను."

"అమ్మగారికి అంటుద్దేమోనండి."

"మందు రాస్తున్నా. పక్క వేరు, తువ్వాలు వేరు. అదీ గంజి మీదే పెట్టాను. నువ్వూ గంజే అను."

మామ తలూపాడు. కాదనే ఓపిక లేదు.

వీధిలో కొందరు బట్టలు వేయడం మానేశారు, కొందరు పిల్లికి ఎలా ఉందని అడిగారు. ప్లీడరు గారి మూట మాత్రం ఆగలేదు. ఆ చొక్కాలను మామ తన చేత్తో మెత్తగా, ప్రాణం లేకుండా మడత పెట్టి పంపాడు. జన్మలో చేయని పని.

ప్లీడరు గారి భార్య గేటు దగ్గర ఓ కాలరు ఎత్తి చూసింది. అది తోటకూర కాడలా వాలింది. "ఏమయ్యా, గంజి తగ్గించమన్నారని మరీ ఇంతా? నీ చేతిలో పస తగ్గిపోయిందే" అంది.

"అవునమ్మా. వయసు" అన్నాడు మామ.

ఇంటికొచ్చి కాసేపు కూలబడి, లేచి, పిల్లి పట్టీకి చిక్కగా గంజి పట్టించాడు. పస ఎక్కడికీ పోలేదు. ఆరిన పట్టీని వేలితో కొడితే టంగుమంది. వెనక గది కిటికీ అవతల, జడ్జమ్మను ఒళ్లోకి తీసుకునే వీల్లేక చేతులు కట్టుకుని, ప్లీడరు గారు వాయిదా కోసం వచ్చినవాడిలా నిలబడి ఉన్నారు.