పొడుగు నొప్పి

కర్పూరం వేసి కాచిన నువ్వుల నూనె వాసన తగిలితే మా అన్నయ్య మోకాళ్లే గుర్తొస్తాయి. అనకాపల్లిలో మా వీధి వాలీబాల్ జట్టులో అందరికన్నా పొడుగు వాడే, నెట్ మీద బంతి బాదేదీ వాడే. ఆట అయ్యాక మోకాళ్లు పట్టుకుని కూలబడేవాడు.

"ఎముక సాగతందిరా. పొడుగవుతుంటే నొప్పుండదేటి? రేపు మళ్లీ ఆడు," అనేవాడు నాన్న.

నేనది నమ్మేశాను. వాడింకా సాగాలని నూనె మోకాలి నుంచి కిందికి లాగి లాగి రాసేదాన్ని.

"ఒలే, లాగకే! కాలూడొచ్చేత్తాది," అని నవ్వేవాడు, కళ్లలో నీళ్లతో.

ఒకనాడు బంతికి ఎగిరి కిందపడ్డాడు, మోకాలి దగ్గరే ఎముక విరిగింది. మరెప్పుడూ ఆడలేదు.

ఇప్పుడు నా కొడుకు మోకాలు నొప్పంటే ముందు వాడి బూట్లు దాచేస్తాను. "ఇవాళ్టికి ఆడకురా" అన్న మాట అప్పుడు మా ఇంట్లో ఒక్కరికీ తోచలేదు.