హార్డు డిస్కుకు ఎండదెబ్బ

రెంటచింతలలో ఏది చెడినా ఎండ మీదికి నెట్టేయొచ్చు. నేనూ అదే చేశాను. నా రికార్డింగు గదిలోని పాత లినక్స్ కంప్యూటరు ఆ వేసవిలో హార్డు డిస్కు సరిగా చదవలేక ఎర్రర్లు చూపించింది. కారణం వెతకలేదు. డిస్కు నుంచి డేటా వచ్చే వేగాన్ని, అంటే ట్రాన్స్‌ఫర్ మోడ్‌ను, అన్నిటికంటే కింది మెట్టుకు దించేశాను. ఎర్రర్లు ఆగాయి కానీ కంప్యూటరు ఎడ్లబండి అయింది. అడిగినవాళ్లకల్లా ఎండదెబ్బని చెప్పాను. పాపం, ఒకాయన నమ్మి, దాని పక్కన పెట్టమని ఐసుగడ్డ తెచ్చాడు. వద్దనలేదు. అందులో సోడా చల్లబెట్టుకుని తాగాను.

క్రిస్మస్ ముందు రోజు పొద్దుగూకాక, చర్చిలో పాటల బృందాన్ని నడిపే అక్క ఆటోలో వచ్చింది. కీబోర్డు వాయించే అతనికి జ్వరమట. ఆ రాత్రి పూజకు వాయిద్యం కావాలంటే నా డిస్కులో ఉన్న పాత రికార్డింగులే దిక్కు. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ పెట్టాను. తెల్లారేదాకా పడుతుందని తెర మీద కనిపించింది.

"ఎండకు..." అన్నాను అలవాటుగా.

అక్క స్వెటరు బిగించుకుంది. "ఏంది తమ్ముడూ, నాకు చలికి పళ్లు కొట్టుకుంటుంటే నీ డబ్బాకు ఎండ కొడతందా?"

కంప్యూటరు రాసిపెట్టుకున్న వేసవి నాటి ఎర్రర్లను అప్పుడు, మొదటిసారి, శ్రద్ధగా చదివాను. పై వేగంలోనే వచ్చాయవి. లోపలి పాత కేబులు అంత వేగాన్ని మోయలేదు. మధ్య మెట్టు సరిపోయేది.

"ఎండది కాదక్కా, తప్పు నాదే. చూడకుండా చెప్పాను."

"అదంతా ఫాదర్ దగ్గర చెప్పుకో. ముందు పాటల సంగతి చూడు."

కంప్యూటరు ఆపితే మళ్లీ లేస్తుందన్న నమ్మకం లేదు. నడుస్తుండగానే మోడ్‌ను మధ్య మెట్టుకు మార్చాలి. తేడా వస్తే ఉన్న పాటలూ పోవచ్చని, దాచకుండా చెప్పాను. అప్పటికి ఒక్క పాటే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కింది.

"ఒక్క పాటతో పూజంతా ఎట్టా గడుపుతాంరా? కానియ్."

కాపీ ఆపి, తెరిచి ఉన్నవన్నీ మూసి, కమాండు కొట్టి, ఎంటర్ నొక్కాను. తెర కదల్లేదు. అంతలో మోడ్ మారినట్టు ఒక వరుస వచ్చింది. కాపీ మళ్లీ మొదలుపెడితే పాటలు చింతకాయలు రాలినట్టు పడసాగాయి. ఎర్రరు ఒక్కటీ లేదు.

ఒకటి వేసి చూశాం. తబలా మోగగానే అక్క గొంతెత్తింది. బయట హారన్ కొడుతున్న ఆటో ఆయన లోపలికొచ్చి చప్పట్లందుకున్నాడు.

"బాబాయ్, తాళం తప్పింది!" అంది అక్క.

"పండగ పూట నాకు తాళాలేందమ్మా!"

పెన్‌డ్రైవ్ ఆటో స్టీరియోలో పెట్టుకుని, పాడుకుంటూనే వెళ్లారు. గుమ్మంలో నిలబడి, నాకు లేని శ్రుతితో, నేనూ గట్టిగా అందుకున్నాను.