కాయితం ఉందా, నాయనా?

నరసరావుపేటలో మా ఇంటి యజమానురాలు మానవ హక్కుల కేసులు వాదించే న్యాయవాది. ఎవరేం చెప్పినా కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, "కాయితం ఉందా, నాయనా?" అని అడిగేవారు. రేపు కరెంటు ఉండదని విద్యుత్ శాఖ ఇంజనీరునైన నేను చెప్పినా అదే ప్రశ్న.

ఒకనాడు పట్టణంలో ధర్నా. ఆవిడను ఇల్లు కదలనివ్వకుండా పొద్దున్నే ఒక కానిస్టేబుల్ గేటు దగ్గర కూర్చున్నాడు. మంచినీళ్ళు రావడం లేదని ఫోన్‌లో పోస్టు పెట్టి జైలుపాలైన ఒక మెకానిక్ బెయిలు విచారణ కూడా ఆ రోజే. ఆవిడ నల్లకోటు వేసుకుని గేటు దగ్గరికి వచ్చారు.

"కాయితం ఉందా, నాయనా?"

"లేదమ్మా, నోటిమాటే. మిమ్మల్ని కనిపెట్టుకుని ఉండమన్నారు."

"అయితే బండి తియ్యి. కోర్టులో కనిపెట్టుకుని ఉందువు గాని."

"ఏందమ్మా, నా ఉద్యోగం పోద్ది!"

"నన్ను వదిలేస్తే పోద్ది. ఎంటబెట్టుకుపోతే ఎందుకు పోద్దిరా?"

ఆ తర్కంలో లోపం కోసం నేనూ వెతికాను, దొరకలేదు. కానిస్టేబుల్ వెనక కూర్చుని వెళ్ళిన ఆవిడ, మెకానిక్‌కు బెయిలు ఇప్పించి మధ్యాహ్నం అదే బండి మీద తిరిగొచ్చారు. వస్తూనే గేటు దగ్గర అతనికి కుర్చీ వేయించారు.

తర్వాతి ధర్నాకూ అతన్నే కాపలా పంపారు. ఈసారి అతని బండికి రెండు హెల్మెట్లు వేలాడుతున్నాయి.