చాప మీద బేస్‌బాల్

మా మేనత్త పోయింది. సంగారెడ్డి ఆసుపత్రిలో, తెల్లవారుజామున, నిద్రలోనే. నాన్న సైకిల్ దిగి వాకిట్లో నిలబడి "అక్క లేదు" అన్నాడు. ఆ మాట విన్నాక నాకు మొదట వచ్చిన ఆలోచన, 'చివరి ఆట ఇంకా చదవనే లేదు కదా' అని. ఇలా రాయడానికి నేను సిగ్గుపడటం లేదు. బతికి ఉంటే అత్త కూడా ముందు అదే అడిగేది.

ఆ చివరి ఆట ఏమిటో మీకు చెప్పాలి. చెప్పాలనుకుంటేనే నాకు కాలు ఒక చోట నిలవడం లేదు.

మా ఊరు పటాన్‌చెరుకు దగ్గర. రోడ్డుకు ఇవతల మా జొన్నచేలు, అవతల కొత్తగా లేచిన కర్మాగారాల పొగగొట్టాలు. మామయ్య పోయాక అత్త పుట్టింటికి, అంటే మా ఇంటికి వచ్చేసింది. పంటల మీద పరిశోధన చేసే పెద్ద క్షేత్రం మా దగ్గర పెట్టిన తర్వాత, అక్కడ అమెరికా నుంచి వచ్చిన ఒక శాస్త్రవేత్త ఇంట్లో వంటపనికి కుదిరింది. ఆయన భార్యను మేమంతా దొరసాని అనేవాళ్లం.

అత్త చేరిన కొత్తలో ఒక పొద్దున ఉల్లిగడ్డలు కోస్తుంటే ముందు గదిలోంచి దొరసాని పెద్ద కేక పెట్టిందట. ఎవరో పోయారనుకుని అత్త కత్తితోనే పరుగెత్తింది. చూస్తే దొరసాని చేతిలో పాత పత్రిక పట్టుకుని గంతులేస్తోంది. ఈమె భాష ఆమెకు రాదు, ఆమె భాష ఈమెకు రాదు. దొరసాని అత్తను వంటింట్లోకి లాక్కొచ్చి, చపాతీ కర్ర చేతికిచ్చి, తాను దూరంగా నిలబడి ఒక ఆలుగడ్డ విసిరింది. అత్త కొట్టింది. ఆలుగడ్డ కిటికీలోంచి పోయి, బయట జీపు తుడుస్తున్న డ్రైవర్ వీపుకు తగిలింది.

"నాకు గప్పుడు సమజైంది బిడ్డా," అనేది అత్త. "గది మన చిర్రగోనె లెక్కనే. గని కొట్టినంక ఉరుకాలె. సుట్టు తిరిగి మల్ల ఇంటికే రావాలె." చిర్రగోనె అంటే మా దగ్గర కర్రాబిళ్ల ఆట.

దొరసాని వాళ్ల నాన్నకు బేస్‌బాల్ అంటే పిచ్చి. కూతురి కోసం అక్కడి పత్రికలు, ఆటగాళ్ల బొమ్మల కార్డులు కట్టలుగా కట్టి ఓడ టపాలో పంపేవాడు. అవి నెలల తర్వాత చేరేవి. కార్డు పేకముక్క కంటే కాస్త పెద్దది. ఒకవైపు టోపీ పెట్టుకున్న ఆటగాడి రంగుల ఫోటో, వెనక చీమల బారుల్లా అంకెలు. దానితోపాటు వచ్చే గులాబీ రంగు చూయింగ్ గమ్ వాసన కార్డుకు అంటుకుని ఉండేది. నేను చూడకముందే వాసన చూసేదాన్ని.

రెండేసి ఉన్న కార్డుల్లో ఒకటి దొరసాని అత్తకు ఇచ్చేది. ఊరికే ఇచ్చేది కాదు! బేరం ఉండేది. "మీసాలోడు మామిడికాయ తొక్కుకు వచ్చిండు. ఎడమచెయ్యోడు పచ్చిపులుసుకు," అని అత్త గర్వంగా చూపించేది. వాళ్ల అసలు పేర్లు మా నోళ్లు తిరగనివి. అందుకని మీసాలోడు, బుగ్గలోడు, ఎడమచెయ్యోడు అయ్యారు. నీలం టోపీల జట్టు మా జట్టు. ఎందుకంటే మొదటి కార్డు నీలం టోపీది, అంతే.

పత్రిక వచ్చాక ఆట ఎలా చూడాలి? అత్త కనిపెట్టింది. అరుగు మీద చాప పరిచి, నీలం టోపీల కార్డులను ఎవరి చోట వాళ్లను పెట్టేది. పరుగెత్తేవాళ్లకు చింతగింజలు. ఆ కాలంలోనే నేను తొమ్మిదో తరగతిలో ఇంగ్లీషు నిఘంటువు తిరగేయడం మొదలుపెట్టాను. ఒక్కో కొత్త మాట దొరికితే ఆ రోజంతా నోట్లో తిప్పుకునేదాన్ని. నేను పత్రిక చదివి తెలుగులో చెప్పాలి, అత్త గింజలు జరపాలి. పరుగెత్తేవాళ్లు ఆగే చోటుకు, అంటే బేస్‌కు, 'గడప' అని పేరు పెట్టింది నేనే. మొదటి గడప, రెండో గడప, మూడో గడప, ఆ తర్వాత ఇల్లు. అత్త ఆ మాట విని "మంచిగున్నది" అంది. నా జీవితంలో నాకు అందిన మొదటి సమీక్ష అది.

ఒక ఆటగాడి కార్డు మాత్రం ఎన్ని తొక్కు సీసాలు పోసినా దొరకలేదు. అతని చోట అగ్గిపెట్టె పెట్టేవాళ్లం. ఊళ్లో పిల్లలకు అతనంటేనే ఎక్కువ ఇష్టం. "అగ్గిపెట్టె పట్టుకున్నడా? అగ్గిపెట్టె ఉరికిండా?" అని బడి నుంచి వస్తూనే అడిగేవాళ్లు.

మొదటి రోజు నేనొక పొరపాటు చేశాను. పత్రిక విప్పి, పైన పెద్ద అక్షరాల్లో ఉన్నది ఉన్నట్టే చదివేశాను, నీలం టోపీలు ఓడారని. అత్త చేతిలోని గింజలు కింద పడేసింది.

"పెండ్లికి పిలిచి, కూసోకముందే పిల్ల లేచిపోయిందన్నట్టున్నది! ముందే చెప్తే ఇగ చూసుడెందుకు?"

మర్నాటి నుంచి పత్రిక ముందు అత్త చేతికే వెళ్లేది. ఆమెకు ఇంగ్లీషు రాదు. అందువల్ల పెద్ద అక్షరాలు కళ్ల ముందు ఉన్నా ప్రమాదం లేదు. వాటిని లోపలికి మడిచి, మిగతాది నా చేతికిచ్చేది. దొరసాని వరుసగా పేర్చి తాడు కట్టి ఇచ్చిన కట్టలోంచి రోజుకు ఒక్కటే తీసేది. కట్ట మొత్తం ఇంట్లోనే ఉన్నా రెండోది ముట్టేది కాదు, ముట్టనిచ్చేది కాదు.

నాన్న ట్రాన్సిస్టర్‌లో క్రికెట్ వినేవాడు. ఎగతాళి చేసేవాడు. "అక్కా, నీ ఆట అయిపోయి మూడు నెలలాయె. గెలిచినోళ్లు గెలిచిండ్రు, ఓడినోళ్లు మర్చిపోయిండ్రు."

"అయిపోయింది వాళ్లకురా. మనకు ఇంక షురూ గాలే," అనేది అత్త.

నాయనమ్మకు ఇదంతా నచ్చేది కాదు. "మొగోళ్ల బొమ్మలు చాప మీద పెట్టుకొని అరుసుడేంది? సూసేటోళ్లు ఏమనుకుంటరు?" అని గోడకు ఆనుకుని కూర్చుని గొణుగుతూ ఉండేది. ఆట అయ్యేదాకా లేచేది మాత్రం కాదు.

మాకు ఒకే ఒక్క గండం ఉండేది. డ్రైవరన్న. కృష్ణా జిల్లా మనిషి. ఇక్కడి పెద్ద కర్మాగారంలో పనిచేసే అన్న దగ్గరికి వచ్చి, జీపు నడిపే పని దొరికి నిలిచిపోయాడు. సాయంత్రం అత్తను జీపులో దింపేవాడు. దొరసాని ఫలితాలన్నీ అతనికి చెప్పేసేది. "అక్కా, రేపటి ఆట నా జేబులో ఉంది. తీయమంటారా?" అని ఊరించేవాడు. "తీసినవంటే ఛాయ్ బంద్, సూడు," అనేది అత్త. టీ తాగాక కూడా నోరు విప్పేవాడు కాదు, పాపం. ఊరించడమే అతని పని.

నాకు చదవడం నేర్పింది అత్తే. అక్షరాలు కాదు, చదవడం. నేను ఆత్రంగా పరుగులు పెడితే చెయ్యి అడ్డం పెట్టేది. "ఉరుకకు బిడ్డా. వాడు బంతి ఇసిరిండు గద, జెర గాలిల ఉండనియ్యి." ఇప్పటికీ ఏది చదువుతున్నా, రాస్తున్నా, బంతిని కాసేపు గాలిలో ఉంచాలని చూస్తాను.

ఈ ఏడు నీలం టోపీలు మొదటిసారి ఆఖరి పోటీల దాకా వచ్చారు. ఊరు ఊరంతా మా అరుగు మీదే! ఇన్నేళ్లలో వాళ్లు ఒక్కసారైనా అంతా గెలవాలని అత్త ఆశ. సరిగ్గా అప్పుడే ఆమెకు గుండె జబ్బు బయటపడింది. సంగారెడ్డిలో చేర్పించాం. డాక్టర్ మా అమ్మతో "ఆమెకు ఉద్రేకం పనికిరాదు" అని గట్టిగా చెప్పాడు. అత్త అప్పటికే పత్రికల కట్ట దిండు కింద పెట్టుకుంది.

నేను ఇంటర్ చదువుతున్న కాలేజీ అక్కడికి దగ్గరే. రోజూ మధ్యాహ్నం వెళ్లి చదివేదాన్ని. డాక్టర్ మాట గుర్తుంచుకుని, ఎత్తుపల్లాలు లేకుండా పద్దు చదివినట్టు చదివాను. అత్త కళ్లు మూసుకుని కాసేపు విని, "గిట్ల సదివితే ఇప్పుడే పోతనే," అంది. పక్క మంచం ఆమె పకపకా నవ్వింది. ఇక నేను ఎప్పటిలాగే చదివాను. దుప్పటి మీద కార్డులు, మడతల్లో గింజలు. నర్సు వచ్చి "ఆసుపత్రిల పేకాట ఏందమ్మా?" అని కోప్పడింది.

"పేకాట గాదు సిస్టరమ్మా, మా పిలగాండ్లు ఆడుతున్నరు. జెర పక్కకు జరుగు, నువ్వు మూడో గడప మీద నిలబడ్డవు."

మర్నాడు ఆ నర్సే నన్ను గుమ్మం దగ్గర ఆపి, "నిన్న మీసాలాయన ఇల్లు చేరిండా?" అని అడిగింది.

రెండు జట్లూ సమానంగా గెలిచి, ఒక్క ఆట మిగిలింది. ఆ రోజు అత్త ముఖం బాగా పాలిపోయి ఉంది. అమ్మ నాకు సైగ చేసింది, ఆ ఒక్కటి కూడా ఇప్పుడే చదివెయ్యమని. "అత్తా, చదవనా?" అన్నాను.

"రోజుకొకటే. రేపటికి ఏమన్న ఉంచుకోవాలె గద," అంది.

అప్పుడే డ్రైవరన్న పండ్లు పట్టుకుని వచ్చాడు. ఆమెను చూడగానే అతని కళ్లు నిండాయి. "అక్కా, ఇవాళ ఎగతాళి కాదు. చెప్పేస్తాను, వినేయండి," అన్నాడు.

"నోరు ముయ్యి. నీ మొఖం జూస్తెనే తెలిసేటట్టున్నది. మొఖం గూడ అటు తిప్పు!"

అతను నిజంగానే గోడ వైపు తిరిగాడు. ఆ పూటంతా గోడకేసి చూస్తూనే మాట్లాడాడు. ఇంట్లో పిల్లల సంగతులు, దొరసాని సంగతులు. అత్త నవ్వుతూ జవాబులు చెప్పింది. మరునాటి తెల్లవారుజామునే పోయింది.

దినాలయ్యాక అరుగు మీద జనం చేరారు. ఎవరినీ పిలవలేదు. నాన్న తనే చాప పరిచి, కార్డులు తీసి, ఎవరి చోటు ఏదో తెలియక నన్ను అడిగి పెట్టాడు. డ్రైవరన్న ముందే గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. నేను తాడు విప్పబోయి ఆగిపోయాను. పత్రిక ఎవరు మడుస్తారు? నాకు చదవడం వచ్చు. నాన్నకూ వచ్చు. పిల్లలకూ అక్షరాలు వచ్చు. కట్ట పట్టుకుని అలాగే కూర్చున్నాను.

"ఇటు తే," అంది నాయనమ్మ.

కూతురు పోయిన నాటి నుంచి ఆమె మాట్లాడటం అదే మొదటిసారి. పత్రికను తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసింది. అత్త ఒక్క మడత పెట్టేది. నాయనమ్మ ఎందుకైనా మంచిదని రెండు పెట్టింది. దాంతో ఆట సగం లోపలికి వెళ్లిపోయింది. మధ్యలోంచే చదవడం మొదలుపెట్టాను.

ఆట చివరికొచ్చింది. రెండు జట్లూ సమానం. మనవాడొకడు మూడో గడప మీద ఉన్నాడు. కర్ర పట్టినవాడు బంతిని ఎత్తుగా, చాలా ఎత్తుగా లేపాడు. నేను చదవడం ఆపి, దాన్ని కాసేపు గాలిలో ఉండనిచ్చాను. తర్వాతి వాక్యంలో దూరాన ఉన్న అవతలి జట్టు ఎర్రటోపీవాడు దాన్ని పట్టేశాడు.

"ఔటైండు!" నాన్న తల పట్టుకున్నాడు. "అయిపాయె."

"అవలేదన్నా," అన్నాడు డ్రైవరన్న గోడతో. "బంతి పట్టుకున్నాక మూడో గడపవాడు పరిగెత్తొచ్చు. చదవనీయండి."

చదివాను. వాడు పరుగెత్తాడు. బంతి వచ్చేలోపు దుమ్ములో జారుకుంటూ ఇల్లు చేరాడు. నీలం టోపీలు గెలిచారు!

అరుగు దద్దరిల్లింది. పిల్లలు గెంతారు. నాన్న నన్ను ఎత్తినంత పని చేశాడు. డ్రైవరన్న గోడకు తల ఆనించి నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. రోడ్డున పోయేవాళ్లు ఆగి, చావు జరిగిన ఇంట్లో ఈ కేకలేమిటని తొంగి చూశారు. ఆ గందరగోళంలో గింజను ఎవరూ జరపలేదు. అది మూడో గడప దగ్గరే ఉండిపోయింది.

నాయనమ్మ ముందుకు వంగింది. ఆ చింతగింజ మీద వేలు పెట్టి, చాప మీద మెల్లగా లాక్కుంటూ ఇంటి దాకా తెచ్చింది. అందరూ ఇంకా అరుస్తూనే ఉన్నారు. ఆమె వేలు మాత్రం గింజ మీదనుంచి తీయలేదు.